ఇంటిలో చల్లని గది ఎవరికి?

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయన్నది మన పెద్దల మాట. ఆ మాట తలచుకోగానే పొలంలో కూలీ, నడిరోడ్డుపై రిక్షా కార్మికుడు, ఇటుకల బట్టీలో పనివాడు మన కళ్ళ ముందు మెదులుతారు. వారికి వడదెబ్బ ముప్పు ఉన్నమాట నిజమే. అయితే గడప దాటకుండా, ఎండ ముఖం చూడకుండా, సొంత ఇంటిలో మంచం మీదనే వడదెబ్బకు లోనయ్యేవారు కూడా ఉన్నారు. వారి గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాము. ఈ వ్యాసం వారికోసం.

నా అభిప్రాయాన్ని ముందుగానే చెప్పివేస్తాను. ఒక ఇంటిలో ఒకే ఒక గదిని చల్లబరచే శక్తి ఉన్నప్పుడు, ఆ గది వేడిని తట్టుకొనే శక్తి అందరికంటే తక్కువగా ఉన్న మనిషికి దక్కాలి. మన ఇళ్ళలో చాలావరకు అలా జరగడం లేదు.

ఇంటిలోపలి వడదెబ్బ

వైద్యశాస్త్రం వడదెబ్బను రెండు విధాలుగా చెబుతుంది. మొదటిది ఎండలో కష్టపడి పనిచేసే యువకులకు గంటల వ్యవధిలో వచ్చేది. రెండవది ఏ శ్రమా చేయని వృద్ధులకు, దీర్ఘరోగులకు, పసిపిల్లలకు కొన్ని రోజుల వేడి కూడి కూడి వచ్చేది. ఈ రెండవది నిశ్శబ్దంగా వస్తుంది. మొదటి రోజు నీరసం, రెండవ రోజు అన్నం సహించకపోవడం, మూడవ రోజు మాట తడబాటు. ఇంటివారు దానిని వయసు మీద పడిన అలసటగా భావిస్తారు. శరీరపు లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, స్పృహ మసకబారేవరకు అనుమానం రాదు.

మన శరీరం వేడిని ప్రధానంగా రెండు మార్గాల్లో బయటకు పంపుతుంది. చర్మానికి రక్తప్రసరణ పెంచడం ఒకటి, చెమట పట్టి ఆరడం మరొకటి. వయసు పెరిగినకొద్దీ రెండూ మందగిస్తాయి. గుండె బలహీనపడినవారిలో చర్మానికి అదనపు రక్తం చేరదు. చెమట గ్రంథుల స్పందన తగ్గుతుంది. దాహం వేయడం కూడా తగ్గుతుంది. శరీరంలో నీరు కొరవడినా పెద్దవారికి దప్పిక తెలియదు. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో చెమటను నియంత్రించే నరాలు దెబ్బతింటాయి. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయేటట్లు చేసే మందులు, కొన్ని మానసిక వ్యాధుల మందులు ఈ బలహీనతను మరింత పెంచుతాయి. ఈ మందులను సొంతంగా మానవద్దు. వేసవి మొదలయ్యే ముందు వైద్యుని కలిసి, మోతాదు మార్చవలసిన అవసరం ఉన్నదా అని అడగాలి.

చెమట పట్టినంత మాత్రాన చల్లబడము. అది ఆరాలి. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరక కారిపోతుంది. కృష్ణా డెల్టాలో ఈ కష్టం రెండు రూపాల్లో ఉంటుంది. బందరు తీరంలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది. వేడి కొంత తగ్గినా తేమతో ఉక్కపోస్తుంది. లోపలికి ఉన్న విజయవాడలో పడమటి వడగాలి సాయంత్రం వరకు వీడదు. చుట్టూ ఉన్న ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండల రాళ్ళు పగలంతా వేడిని తాగి రాత్రి వదులుతాయి. అందుచేత బందరులో పనికిరాని కూలరు బెజవాడ పొడి మధ్యాహ్నంలో కొంత మేలు చేస్తుంది. ఒకరి ఇంటికి నప్పిన ఉపాయం మరొకరి ఇంటికి నప్పకపోవడానికి కారణం ఇదే.

మరణాలు చెప్పిన పాఠం

2003 మే నెల వడగాలులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా మరణించారు. 2015 మే నెలలో మరల వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. ఈ లెక్కల్లో ఇంటిలోనే నెమ్మదిగా క్షీణించి, గుండెపోటుగానో మూత్రపిండాల వైఫల్యంగానో నమోదైనవారు చేరరు. అసలు భారం లెక్కకంటే ఎక్కువే ఉంటుందని ఈ కారణంగానే వైద్యులు అంటారు.

ఇతర దేశాల అనుభవం మనకు ఇక్కడ ఉపకరిస్తుంది. అదే 2003 ఆగస్టులో ఫ్రాన్సులో వచ్చిన వేడికి సుమారు 15 వేలమంది మరణించారు. వారిలో అత్యధికులు వృద్ధులు. తరువాత జరిగిన పరిశీలనలో ఒక విషయం స్పష్టమైంది: పైకప్పు కిందనే పడకగది ఉండడం ఒక ముఖ్యమైన ప్రమాద కారణం. 2021 వేసవిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో వేడికి 619 మంది చనిపోగా, అక్కడి మరణ విచారణాధికారుల నివేదిక ప్రకారం వారిలో 98 శాతం మంది ఇంటిలోపలనే వేడికి గురయ్యారు. మూడింట రెండువంతుల మంది 70 ఏళ్ళు దాటినవారు. ఎక్కువమంది ఇళ్ళలో తగిన చల్లదనం లేదు.

ఈ రెండు అనుభవాల సారాంశం ఒక్కటే. ఊరి ఉష్ణోగ్రత ఎంత అన్నది వార్త. మనిషి పడుకున్న గది ఉష్ణోగ్రత ఎంత అన్నది వైద్యం. టీవీలో 44 అని చెప్పినరోజు అదే ఇంటిలో కింది అంతస్తు తూర్పు గదికీ, పై అంతస్తు పడమటి గదికీ ఎంతో తేడా ఉంటుంది. ఆ తేడాయే ఒకరిని నిలబెడుతుంది, మరొకరిని పడగొడుతుంది.

గదికో కొలత: చలిదేశాల పద్ధతి

ఏ గదికి ఎంత వేడి ఉండాలి అన్న ప్రశ్న మనకు కొత్తగా తోచవచ్చు. చలిదేశాలవారు దీనిని చాలాకాలం క్రితమే ఎదుర్కొన్నారు. అక్కడి ఇళ్ళలో ఒకచోట బాయిలరు నీటిని వేడిచేస్తుంది. ఆ నీరు గొట్టాల ద్వారా ప్రతి గదిలోని రేడియేటరు అనే ఇనుప పలకకు చేరి గదిని వెచ్చబరుస్తుంది. మొదట్లో ఇల్లంతటికీ ఒకటే అదుపు ఉండేది. హాలు వెచ్చగా ఉంటే చాలు, బాయిలరు ఆగిపోయేది. ఉత్తరపు గదిలో ముసలివారు వణుకుతూనే ఉండేవారు.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు 1883లో గది ఉష్ణోగ్రతను గుర్తించే విద్యుత్ థర్మోస్టాట్‌కు పేటెంటు పొందాడు. పాఠశాల సేవకుడు గదిగదికీ వచ్చి వేడిని చూసి, మరల నేలమాళిగకు వెళ్ళి కొలిమిని సరిచేయవలసిన అవస్థ నుండి ఆ ఆలోచన పుట్టింది. 1943లో డెన్మార్కుకు చెందిన డాన్‌ఫాస్ సంస్థ స్థాపకుడు మాడ్స్ క్లౌసెన్ రేడియేటరుకే బిగించే ఉష్ణనియంత్రణ వాల్వును రూపొందించాడు. ఆ మరలో వేడికి వ్యాకోచించే పదార్థం ఉంటుంది. గది వెచ్చబడగానే అది ఉబ్బి, వేడినీటి దారిని తనంతట తానే మూస్తుంది. ఇప్పుడు పసిబిడ్డ గదికి ఒక కొలత, ఖాళీ గదికి మరొక కొలత పెట్టుకోవచ్చు.

ఈ పద్ధతి వెనుక ఉన్నది కేవలం ఇంధన పొదుపు అనుకుంటే పొరపాటు. చలికాలంలో ఇంటిలో కనీసం 18 డిగ్రీలు ఉండాలని, వృద్ధులకు, పిల్లలకు, దీర్ఘరోగులకు అంతకంటే ఎక్కువ అవసరం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. అంటే గది కొలతను మనిషినిబట్టి నిర్ణయించాలన్నది అక్కడ ఆరోగ్యసూత్రం. శీతాకాలంలో బర్మింగ్‌హామ్‌కో లండన్‌కో కొడుకు ఇంటికి వెళ్ళే మన పెద్దలు తమ గది రేడియేటరు వాల్వు ఏ అంకెపై ఉన్నదో అడిగి తెలుసుకోవడం మంచిది. చాలా రోజులు ఖాళీగా ఉన్న అతిథి గది వాల్వును పొదుపు కోసం తగ్గించి మరచిపోవడం సహజం.

ఆ వాల్వు మీద 1 నుండి 5 వరకు అంకెలు ఉంటాయి. త్వరగా వెచ్చబడుతుందని చాలామంది 5కు తిప్పుతారు. ఆ అంకె వేగాన్ని సూచించదు. గది ఎంత వెచ్చబడ్డాక దారి మూయాలో చెబుతుంది. మనవారు ఎండనపడి వచ్చి ఏసీని 16కు తిప్పడం సరిగ్గా ఇటువంటిదే. ఒక టన్ను యంత్రం 16 అన్నా 26 అన్నా ఒక టన్నుగానే ఉంటుంది. 16 అంటే అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, అంతే.

మన ఇళ్ళలో జరుగుతున్నది

విచిత్రమేమిటంటే, చలిదేశాలవారు వాల్వులతో సాధించినది మనకు అప్రయత్నంగానే లభించింది. మన స్ప్లిట్ ఏసీ ఒక గదిని మాత్రమే చల్లబరుస్తుంది. గదికో కొలత అన్న సౌకర్యం మన చేతిలోనే ఉన్నది. కానీ ఆ గదిని ఎలా ఎంచుకుంటున్నాము?

మొదటి ఏసీ సాధారణంగా సంపాదించే కొడుకు, కోడలు పడకగదికి వెళుతుంది. రెండవది పిల్లల చదువు గదికి. పెద్దవారి గదికి వంతు వచ్చేసరికి కరెంటు బిల్లు అడ్డు వస్తుంది. సొంత మేడ అయితే మెట్లెక్కలేరని పెద్దవారికి కింది గది ఇస్తారు. అది కొంత మేలే. అపార్టుమెంటులోనైతే వంటింటి పక్క గది, పడమటి ఎండ తగిలే గది, గాలి ఆడని చిన్న గది వారి వాటాకు వస్తాయి. పై అంతస్తు ఫ్లాటులో కాంక్రీటు శ్లాబు పగలంతా వేడెక్కి, సాయంత్రం నుండి అర్ధరాత్రి వరకు ఆ వేడిని గదిలోకి దించుతుంది. సూర్యుడు అస్తమించాక వేడి తగ్గిందనుకొని కిటికీలు చూస్తాము. వేడి మాత్రం పైనుండి వస్తూ ఉంటుంది.

పూర్వం డెల్టా గ్రామాల్లో మండువా లోగిలి ఉన్నవారు ఇంటిలోనే వేళకు తగినట్లు మారుతూ ఉండేవారు. ఉదయం అరుగు, మధ్యాహ్నం మందమైన గోడల నడిమి గది, సాయంత్రం మండువా, రాత్రి పెరటిలో నులకమంచం. పేదవారికి తాటాకు కప్పు ఉండేది; అది వేడిని దింపదు. ఆ ఇళ్ళకు అగ్నిప్రమాదాలు, తేళ్ళు, పాముల భయం ఉండేవి కనుక వాటిని గొప్పచేసి చెప్పను. అయితే మనిషి వేడిని తప్పించుకొని గది మారే అలవాటు వాటిలో ఉన్నది. నేడు ప్రతి మనిషికీ ఒక గది కేటాయించి, ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంచుతున్నాము. మంచం పట్టిన మనిషి ఆ గది మారలేడు. మనమే మార్చాలి.

వినవచ్చే అభ్యంతరాలు

"నాకెందుకురా ఏసీ, ఫ్యాను ఉన్నది చాలు" అని పెద్దవారే అంటారు. దానిని యథాతథంగా స్వీకరించవద్దని నా మనవి. ఆ మాటలో సగం కరెంటు బిల్లు గురించిన బిడియం. మిగిలిన సగం నిజమైన బాధ: 18 డిగ్రీల గాలి మీద పడితే మోకాళ్ళు పట్టేస్తాయి, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవవలసి వస్తుంది. ఇవి అతి చల్లదనం వల్ల కలిగే ఇబ్బందులు. 27 డిగ్రీల దగ్గర, గాలి నేరుగా మంచం మీద పడకుండా పెడితే చాలామందికి ఇవి ఉండవు. వేడి తెలియని వయసు కనుక, "నాకు ఉక్క లేదు" అన్న మాటకంటే గోడమీది థర్మామీటరును నమ్మడం క్షేమం.

"పొద్దున్నే ఉద్యోగానికి వెళ్ళేవాడికి నిద్ర వద్దా?" అన్నది రెండవ ప్రశ్న. వద్దని ఎవరంటారు? నిద్రలేమి కూడా రోగకారణమే. కానీ ఆరోగ్యవంతుడైన నలభై ఏళ్ళ మనిషి ఒక ఉక్కపోత రాత్రిని భరించి మరునాడు తేరుకుంటాడు. డెబ్బై అయిదేళ్ళ గుండెజబ్బు మనిషికి వరుసగా మూడు ఉక్కపోత రాత్రులు ఆసుపత్రి దారి కావచ్చు. పరిష్కారం ఒకరిని తప్పించడంలో లేదు. వడగాలుల హెచ్చరిక ఉన్న ఆ కొద్ది రోజులు ఇంటిల్లిపాదీ ఒకే గదిలో చాపలు పరచుకొని పడుకోవచ్చు. ఏకాంతానికి కొంత లోటు వస్తుంది. నాలుగు రోజులకు అది పెద్ద మూల్యం అనుకోను.

మూడవది పర్యావరణం. ఏసీ గదిలోని వేడిని వీధిలోకి తోస్తుంది. విద్యుత్తు కోసం బొగ్గు మండుతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు మనకు కనబడుతూనే ఉన్నాయి. ఈ అభ్యంతరం సబబైనదే. నేను చెబుతున్నది కూడా దానికి అనుకూలమే. మూడు గదులను 20 వద్ద నడపడానికి బదులు ఒక గదిని 27 వద్ద నడిపితే వాడకం ఎంతో తగ్గుతుంది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది. ఆ సంస్థ నిబంధనతోనే 2020 జనవరి 1 నుండి స్టార్ గుర్తింపు గల గది ఏసీలు 24 డిగ్రీల అమరికతో వస్తున్నాయి. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ ఏసీల అమరికను 20 నుండి 28 డిగ్రీల మధ్యకే పరిమితం చేసే ప్రతిపాదనను ప్రకటించినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. వైద్యునిగా నాకు అందులో నష్టమేమీ కనబడలేదు. వేసవిలో 20 కంటే చల్లని గది ఏ ఆరోగ్యానికీ అవసరం లేదు.

ఆచరణ

మొదట కొలవండి. ఉష్ణోగ్రతతోపాటు తేమనూ చూపే చిన్న పరికరం తక్కువ ధరకే దొరుకుతుంది. దానిని పెద్దవారి మంచం పక్కన, తల ఎత్తులో ఉంచి, మధ్యాహ్నం మూడు గంటలకు, రాత్రి పది గంటలకు చూడండి. ఏసీ మీద కనిపించే అంకె గోడపైన యంత్రం ఉన్న చోటిది. మంచం దగ్గరిది కాదు. పగటివేళ గదిని 32 డిగ్రీలు దాటనీయరాదని, ముఖ్యంగా శిశువులకు, అరవై ఏళ్ళు దాటినవారికి ఇది అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

ఏసీని 27 వద్ద ఉంచి ఫ్యాను తిప్పండి. ఫ్యాను గాలికి మరో 4 డిగ్రీలు చల్లగా ఉన్నట్లు శరీరానికి తోస్తుందని అదే సంస్థ చెబుతున్నది. అయితే గదిలో వేడి 40 డిగ్రీలు చేరితే ఏసీ లేని ఫ్యాను మేలుకు బదులు కీడు చేస్తుంది. అది శరీరానికి వేడిగాలిని పూస్తుంది. అప్పుడు ఆ గదిని వదలిపోవడమే మార్గం.

పడమటి కిటికీకి బయటివైపు తడికగాని, వట్టివేళ్ళ తెరగాని కట్టండి. లోపలి పరదా వెలుగును ఆపినా, అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది. డాబాకు వేసవికి ముందే తెల్లని సున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్లరంగో వేయించండి. పగలు తలుపులు మూసి, బయట చల్లబడ్డాకనే తీయండి.

వంటింటిని మరువవద్దు. మంట ఆరిపోతుందని ఫ్యాను వేయరు, పొయ్యి వేడి వేరు. అక్కడ మూడు గంటలు నిలబడే గృహిణి కూడా ఎండలో కూలీయే. వడగాలుల రోజుల్లో వంట ఉదయం తొమ్మిదిలోపు ముగించి, మధ్యాహ్నానికి చద్ది, మజ్జిగ, పచ్చడితో సరిపెట్టుకోవడం ఇంటిల్లిపాదీ ఆమెకు చేయదగిన ఉపకారం.

మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా, ఒళ్ళు కాలిపోతూ మగతగా ఉన్నా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేలోగా చల్లని చోటికి చేర్చి, ఒంటిమీద నీళ్ళు చల్లి విసరండి. మెడ, చంకలు, గజ్జలలో తడిగుడ్డలు ఉంచండి. స్పృహ లేనివారి నోట నీళ్ళు పోయవద్దు. వడదెబ్బ వేడికి జ్వరం మాత్ర పనిచేయదు.

ఏసీ లేని ఇంటి మాట

ఇంతవరకు చెప్పినది ఒక ఏసీ అయినా ఉన్న ఇళ్ళ గురించి. విజయవాడలోనే కొండవాలు ఇళ్ళలో, రేకుల కప్పుల కింద బతికేవారికి ఏ గదిని చల్లబరచాలన్న ప్రశ్నే లేదు. ఉన్నది ఒకే గది, మధ్యాహ్నానికి అది పెనమవుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. రేకుల ఇళ్ళకు తెల్లపూత వేయించడం ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ. అది మన మునిసిపాలిటీలకు భారం కాదు.

మన ఊళ్ళలో చలివేంద్రం అనే గొప్ప సంప్రదాయం ఉన్నది. వేసవి రాగానే ఎవరో ఒకరు పందిరి వేసి, బానలో నీళ్ళు, మజ్జిగ పోస్తారు. దాహం తీరుతుంది. కానీ కూడి కూడి వచ్చే వేడికి రోజుకు కొన్ని గంటలైనా చల్లని చోట విశ్రమించడం అవసరం. సెలవుల్లో ఖాళీగా ఉండే పాఠశాలలు, కల్యాణమండపాలు, సామాజిక భవనాలు ప్రతి వార్డులో ఉన్నాయి. వాటిలో ఒక్కొక్క హాలును వడగాలుల రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుండి సాయంత్రం ఆరు వరకు తెరచి, ఒక ఏసీ, నాలుగు ఫ్యానులు, పది మంచాలు, ఒక నర్సును ఉంచితే అదే ఈ కాలపు చలివేంద్రం అవుతుంది. చలివేంద్రాలు పెట్టే దాతలు, సంఘాలు ఈ పనికి ముందుకు రావాలని కోరుతున్నాను. నడవలేనివారిని తీసుకురావడానికి ఒక ఆటో ఏర్పాటు చేస్తే సేవ పూర్తవుతుంది.

ఇంటికైనా వార్డుకైనా సూత్రం ఒకటే. చల్లదనం మొదట బలహీనునికి అందాలి. ఈ రాత్రి పది గంటలకు మీ అమ్మగారి మంచం పక్కన, మీ మామగారి గదిలో ఒకసారి కూర్చొని చూడండి. అరగంట తరువాత మీకు చెమట పట్టి లేచి రావాలనిపిస్తే, వారు ఆ గదిలో రాత్రంతా గడుపుతున్నారని గుర్తుంచుకొని, రేపు మంచాన్ని చల్లని గదిలోకి మార్పించండి.